సీరియల్ టైము మార్చేముందు ఒక మాట చెప్పాలి కదండీ

ఎడిటర్ గారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్ల వార్త ఒకటి వేశారు. అమెరికాలో ఒక ఊళ్ళో లోకల్ పబ్లిక్ టీవీ స్టేషన్ వాళ్ళు లండన్ సీరియల్ టైము మార్చేసరికి పెద్దవాళ్ళంతా ఉత్తరాలు రాసి ఫోన్లు చేసి గొడవ పెట్టుకున్నారని. దానికి మీరు పెట్టిన హెడ్డింగు చూసి నాకు మనసు చివుక్కుమంది. ఒక సీరియల్ కోసం ఇంత గోలా అన్నట్టు పెట్టారు. చదివినవాళ్ళు నవ్వుకుని పేజీ తిప్పేసుంటారు. నాకు మాత్రం ఆ రోజంతా అదే బుర్రలో తిరిగింది, ఎందుకంటే అచ్చం అలాంటి ఇంట్లో అదే సీరియల్ నేను ఐదు నెలలు చూశాను, అక్కడి స్టేషన్ వాళ్ళు టైము మార్చిన రాత్రి ఆ ఇంట్లో కూర్చునే ఉన్నాను. అందుకే ఈ ఉత్తరం. పెద్దదైపోతుందని తెలుసు, ఎక్కడ కత్తిరించినా పర్లేదు గానీ చివర్లో అడిగింది మాత్రం తీసెయ్యకండి.

నేను విజయనగరంలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. తోటపాలెంలో ఉంటున్నాం, నేనూ మా అమ్మా. 2019లో మా అమ్మాయి పురిటికని అమ్మని చీపురుపల్లిలో తమ్ముడింట్లో దింపి అమెరికా వెళ్ళాను. మా వీధిలోనే నాలుగిళ్ళ వాళ్ళు అలా వెళ్ళొచ్చారు. శ్రీకాకుళం, రాజాం, బొబ్బిలి ఎక్కడ అడిగినా చెప్తారు, మనవడికో మనవరాలికో ఆర్నెల్లు కాపలా కాసి వచ్చిన అమ్మమ్మలు నాన్నమ్మలు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళందరికీ తెలుసు అక్కడ పగలు ఎంత పొడుగ్గా ఉంటుందో. అల్లుడు ఆఫీసుకి వెళ్ళిపోతాడు, అమ్మాయి రాత్రంతా పిల్లతో మేలుకుని పగలు కాస్త కన్నుమూస్తుంది, కిటికీలోంచి చూస్తే వీధిలో ఒక్క మనిషి కనపడడు, కారు నడపడం రాకపోతే గుమ్మం దాటి వెళ్ళేదేం లేదు. మన దగ్గరైతే కూరల బండబ్బాయి కేకైనా వినిపిస్తుంది. అక్కడ అదీ లేదు.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు, అప్పటికి 81 ఏళ్ళు, ఒంటరి మనిషి. మనవరాలు పుట్టిందని తెలిసి ఊలుతో అల్లిన టోపీ తెచ్చిచ్చారు. మా అమ్మాయి నన్ను పరిచయం చేస్తే, శనివారం రాత్రి మా ఇంటికి రండి, నేనొక సీరియల్ చూస్తాను, పక్కన మనిషుంటే బావుంటుంది అన్నారు. వెళ్ళాను. ఆ తర్వాత ఒక్క శనివారం కూడా మానలేదు.

ఆ సీరియల్ పేరు ఈస్ట్‌ఎండర్స్. లండన్లో బీబీసీ వాళ్ళది, 1985 ఫిబ్రవరి 19న మొదలై ఇప్పటికీ నడుస్తోంది. లండన్ తూర్పు వైపు వాల్‌ఫర్డ్ అని ఒక పేట, నిజంగా ఉన్న పేట కాదు సీరియల్ కోసం పుట్టించింది, అందులో ఆల్బర్ట్ స్క్వేర్ అని ఒక చౌకు, చుట్టూ ఇళ్ళు, మూల మీద ఒక సారా దుకాణం లాంటిది, పక్కనే సంత, బట్టలు ఉతుక్కునే లాండ్రీ ఒకటి. అంతే, కథంతా అక్కడే. రాజులూ జమీందార్లూ లేరు, పట్టుచీరలు కట్టుకుని మెట్లు దిగే అత్తగార్లు లేరు. పళ్ళు అమ్ముకునేవాళ్ళు, కారు మెకానిక్కులు, అద్దె కట్టలేక తిప్పలు పడేవాళ్ళు. మొదట్లో థేమ్స్ నది వంపు పైనుంచి చూపిస్తారు, చివర్లో ఎవరో ఒకరి మొహం మీద కెమెరా ఆగిపోయి ఒక్కసారి డ్రమ్ము దరువు పడుతుంది, మా తప్పెటగుళ్ళ దెబ్బలాగ గుండెకి తగుల్తుందది. ఇంకో వారం దాకా ఆ దరువు చెవిలో ఉండిపోయేది నాకు.

భాష ఎలా అర్థమైందని మా అమ్మ అడిగింది. మొదట్లో అర్థం కాలేదు. తూర్పు లండన్ యాస చాలా కష్టం, అమెరికాలో పుట్టి పెరిగిన ఆవిడకే సగం అందేది కాదు, అందుకని టీవీలో కింద అక్షరాలు పడేలా పెట్టుకునేవారు. ఆ అక్షరాలు చదువుకుంటూ చూసేదాన్ని. నాలుగు వారాలయ్యేసరికి అక్షరాలు చూడకుండానే కోపం ఏదో బెంగ ఏదో తెలిసిపోయేది. ఇంకో మాట కూడా చెప్పాలి, ఆ యాస నాకెందుకు నచ్చిందో. మన ఉత్తరాంధ్ర యాసని సినిమాల్లో ఏళ్ళ తరబడి నవ్వించడానికే వాడుకున్నారు కదండీ, పనిమనిషికో దొంగకో ఆ యాస పెట్టి. అక్కడ మాత్రం ఆ యాస మాట్లాడేవాళ్ళే హీరోలు, వాళ్ళే ఏడుస్తారు, వాళ్ళకే పెళ్ళిళ్ళవుతాయి, వాళ్ళ చావుకే ఊరంతా వస్తుంది. ముప్ఫై ఏళ్ళు పైగా అలా చూపిస్తున్నారంటే ఎంత గౌరవమో నాకు అనిపించింది. మా అమ్మ మాట్లాడినట్టు మాట్లాడే ముసలావిడని మధ్యలో కూర్చోబెట్టి మన టీవీలో ఎవరైనా రోజూ ఒక కథ చెప్తే బావుణ్ణు అని అప్పుడే అనుకున్నాను.

అందులో మనవైపు మనుషులు కూడా ఉన్నారు. మసూద్ అని ఒక కుటుంబం, పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, ఆయన పోస్ట్‌మ్యాన్, భార్య జైనబ్ నోరు చాలా పదును గానీ మనసు మంచిది. ఆ జైనబ్ వేషం వేసిన నినా వాడియా బొంబాయిలో పుట్టిన ఆవిడేనట. జైనబ్ కొడుకుల మీద అరుస్తుంటే పెద్దావిడ నన్ను చూసి, మీ దేశంలో కూడా అమ్మలు ఇలాగే అరుస్తారా అని అడిగారు, ఇంతకంటే ఎక్కువే అన్నాను. అలా ఆవిడకి నేను మన ఇళ్ళ సంగతులు చెప్పాను, ఆవిడ నాకు వాళ్ళవి చెప్పారు. అన్నిటికంటే ఆవిడకి ఇష్టం డాట్ అనే పాత్ర. లాండ్రీలో పనిచేసే ముసలావిడ, చేతిలో ఎప్పుడూ సిగరెట్టు, నోట్లో ఎప్పుడూ బైబిలు మాట. జూన్ బ్రౌన్ అనే ఆవిడ వేశారు ఆ వేషం. 2008 జనవరి 31న లండన్లో వచ్చిన ఎపిసోడ్లో అరగంటా ఆ డాట్ ఒక్కర్తే ఉంటుంది, ఇంకో మనిషి లేడు. పక్షవాతంతో ఆస్పత్రిలో ఉన్న భర్తకి వినిపించడానికి టేపు రికార్డర్లో మాట్లాడుతుంది, అంతే కథ. ఆ ఎపిసోడ్ తన ఊళ్ళో వేసిన సంవత్సరమే తన భర్త కూడా ఆస్పత్రిలో ఉన్నారని, చూశాక పొద్దున్నే వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని అన్నీ చెప్పేశానని పెద్దావిడ నాతో అన్నారు. ఇంకేం చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. అక్కడ పబ్లిక్ టీవీ అంటే మన దూరదర్శన్ లాంటిది కాదండి. 1967లో చట్టం చేశారు, 1970లో ఊరూరి పబ్లిక్ స్టేషన్లని కలిపే పీబీఎస్ అనే సంస్థ మొదలైంది, కానీ అది ఒకే ఛానల్ కాదు. ఏ ఊరి స్టేషన్ ఆ ఊరిదే, ఏ ప్రోగ్రాం ఎప్పుడు వెయ్యాలో ఆ స్టేషన్ వాళ్ళే నిర్ణయించుకుంటారు. ఈస్ట్‌ఎండర్స్ లాంటివి ఏ స్టేషన్‌కి ఆ స్టేషన్ విడిగా డబ్బు కట్టి తెచ్చుకుంటుంది. ఒకప్పుడు చాలా స్టేషన్లు వేసేవి, తర్వాత తగ్గిపోయాయి. ఆ డబ్బులో పెద్ద వాటా ఎక్కడిదంటే చూసేవాళ్ళే ఇస్తారు. ఏడాదిలో కొన్ని వారాలు ప్రోగ్రాం మధ్యలో ఆపి, వరసగా బల్లల దగ్గర ఫోన్లు పెట్టుకుని కూర్చుని, మీకు ఈ ప్రోగ్రాం నచ్చితే చందా ఇవ్వండి అని అడుగుతారు, ఇచ్చినవాళ్ళకి ఒక కప్పో సంచీయో పంపిస్తారు. ఆ పెద్దావిడ వంటింట్లో అలాంటి కప్పులు ఆరు చూశాను. మన దగ్గర గుడికి చందా రాయించినట్టే. నేను కూడా మా అల్లుడి చేత ఫోన్ చేయించి 40 డాలర్లు ఇచ్చాను, ఏ ప్రోగ్రాం కోసం అని వాళ్ళే అడిగారు, ఈస్ట్‌ఎండర్స్ కోసం అని చెప్పించాను. అంచేత ఆ సీరియల్ మీద ఆవిడకి ఒక హక్కుందని ఆవిడ అనుకోవడంలో తప్పేం లేదు, ఊరికే చూసే మనిషి కాదు ఆవిడ, డబ్బిచ్చి తెప్పించుకున్న మనిషి.

లెక్కల టీచర్ని కాబట్టి ఇంకో సంగతి చెప్తాను. లండన్లో ఆ సీరియల్ 2001 నుంచి వారానికి నాలుగు ఎపిసోడ్లు. ఆ స్టేషన్ వాళ్ళు శనివారం రాత్రి 8 గంటలకి రెండు వేసేవారు, ఒకదాని వెనక ఒకటి. అంటే అక్కడ ఏడాదికి 208 తయారైతే ఇక్కడ 104 చూస్తారు, ప్రతి ఏడాదీ ఇంకో ఆర్నెల్ల కథ వెనకపడిపోతారు. నేను వెళ్ళేసరికి వాళ్ళు లండన్ కంటే ఎనిమిదేళ్ళు వెనక ఉన్నారు. లండన్లో చనిపోయిన మనుషులు ఆవిడ హాల్లో ఇంకా బతికే ఉన్నారు, అక్కడ విడాకులైపోయినవాళ్ళకి ఇక్కడ ఇంకా పెళ్ళే కాలేదు. ఆ ఎనిమిదేళ్ళ కథ రెండేసి చొప్పున చూడాలంటే 16 ఏళ్ళు పడుతుంది. ఆవిడకి 81. ఆ లెక్క వేసుకుని నేను బయటికి చెప్పలేదు. ఆవిడకి మాత్రం తెలీదంటారా.

సెప్టెంబర్లో ఒక శనివారం ఎప్పటిలాగే 8కి ఐదు నిమిషాల ముందు వెళ్ళాను. టీ పెట్టారు, బిస్కట్లు పెట్టారు, టీవీ పెట్టారు. థేమ్స్ నది రాలేదు. పాత సామాన్లకి రేటు కట్టే ప్రోగ్రాం ఏదో వస్తోంది. చందాల వారమేమో, ఇంకో పది నిమిషాల్లో వస్తుందేమో అని కూర్చున్నాం. పావుగంటయ్యాక ఆవిడ లేచి ఛానల్ నంబరు తప్పు నొక్కానేమో అని మళ్ళీ నొక్కారు. రెండోసారి నొక్కారు. కళ్ళజోడు మార్చుకుని రిమోట్ దగ్గరగా పెట్టుకుని చూశారు. నాకు ఆ చెయ్యి ఇంకా గుర్తుంది, కొంచెం వణుకుతోంది, తప్పు తనదే అయ్యుంటుందని అనుకుంటున్నారావిడ. 9కి వాళ్ళబ్బాయి ఫోన్ వచ్చింది. వేరే రాష్ట్రంలో ఉంటాడు, ప్రతి శనివారం సీరియల్ అవ్వగానే చేస్తాడు, ఆ డ్రమ్ము మోగిన నిమిషానికి ఫోన్ మోగేది, అమ్మా ఈవారం డాట్ ఏమంది అని అడిగేవాడు. ఆ రోజు ఆవిడ, ఇవాళ రాలేదురా, నేనే ఏదో పొరపాటు చేసినట్టున్నాను అన్నారు. ఇంక ఇద్దరికీ మాట లేదు. రెండు నిమిషాల్లో పెట్టేశారు.

పొద్దున్న మా అమ్మాయి ఫోన్లో వెతికి చెప్పింది, దాన్ని అర్ధరాత్రి దాటాక 12:30కి మార్చారని. స్టేషన్ వెబ్‌సైట్లో పెట్టారట. వెబ్‌సైట్ చూసేవాళ్ళయితే ఆ సీరియల్ కోసం శనివారం దాకా ఎందుకు ఆగుతారండి? ఉత్తరం రాలేదు, టీవీలో నోటితో చెప్పలేదు. చందా అడగడానికి మాత్రం ఇంటికి కవరు వస్తుంది, అది నేనే చూశాను ఆవిడ బల్ల మీద.

రికార్డ్ చేసుకోవచ్చు కదా అని మా అల్లుడన్నాడు, ఆ పెట్టె కూడా తెచ్చి బిగించాడు పాపం. ఆవిడ రెండు వారాలు ప్రయత్నించారు. కానీ రికార్డ్ చేసింది ఎప్పుడైనా చూడొచ్చు, అందుకే ఎప్పుడూ చూడబుద్ధి కాదు అన్నారు. 8 గంటలకి ఊళ్ళో ఇంకెవరో కూడా ఇదే చూస్తున్నారని తెలియడంలో ఒక తోడు ఉంది, అది పెట్టెలో రాదు. నాకు ఆ మాట బాగా అర్థమైంది.

ఆవిడ స్టేషన్‌కి ఉత్తరం రాశారు, చేత్తో, మూడు పేజీలు. నన్ను కూడా కింద సంతకం చెయ్యమంటే తెలుగులో చేశాను. తిట్టలేదు ఎక్కడా. ఇన్నేళ్ళ నుంచి చందా ఇస్తున్నాను, టైము మార్చే హక్కు మీకుంది, కానీ నాకు ముందు చెప్పి ఉండాల్సింది, నాలాంటి వాళ్ళు అర్ధరాత్రి మేలుకోలేరు అని రాశారు. నెలకి జవాబొచ్చింది, అచ్చేసిన కాగితం, మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు అని. ఆ స్టేషన్ పేరు నేను రాయను, వాళ్ళ మీద నాకు పగేం లేదు, వాళ్ళకీ డబ్బు ఇబ్బందులుంటాయి, శనివారం 8 గంటలంటే ఎక్కువమంది చూసే టైము, అక్కడ చందాలు బాగా వచ్చే ప్రోగ్రాం వేసుకోవాలని ఉంటుంది. అదంతా ఒప్పుకుంటాను.

అసలు టైము మార్చడమే తప్పని నేననడం లేదండి. ఈ ఈస్ట్‌ఎండర్స్‌ కూడా లండన్లో మొదట రాత్రి 7కి వచ్చేది, పోటీ ఛానల్లో ఇంకో సీరియల్ అదే టైముకి వస్తుండేసరికి 1985 సెప్టెంబర్లో ఏడున్నరకి మార్చారు, ఆ తర్వాతే చూసేవాళ్ళు బాగా పెరిగారు. 1986 క్రిస్మస్ రోజున భర్త భార్యకి విడాకుల కాగితం చేతిలో పెట్టే ఎపిసోడ్‌ని 3 కోట్లమందికి పైగా చూశారు. మరి అది కూడా టైము మార్చడమే కదా. తేడా ఎక్కడంటే అది జనం మేలుకుని ఉండే టైములోంచి ఇంకో మేలుకుని ఉండే టైములోకి మార్చడం. పైగా వారమంతా మిస్సయిన వాళ్ళకోసం ఆదివారం మధ్యాహ్నం అన్ని ఎపిసోడ్లూ కలిపి మళ్ళీ వేసేవారు చాలా ఏళ్ళు. చూసేవాళ్ళ రోజు ఎలా నడుస్తుందో ఆలోచించి చేసిన పనది. అర్ధరాత్రికి తోసెయ్యడం వేరు, అది మీరు చూడక్కర్లేదు అని చెప్పడమే, కాకపోతే ఆ మాట మొహమ్మీద అనకుండా.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అంటారేమో. మా ఇంటికి రండి చూపిస్తాను. మా అమ్మకి 86. రెండేళ్ళ కిందట బాత్రూంలో పడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషనయ్యాక మంచానికీ కుర్చీకీ మధ్యే తిరుగుడు. కళ్ళు కూడా సరిగా ఆనవు, గోడ గడియారం కనపడదు. ఆవిడ రోజు గడిచేది టీవీ టైముల మీదే. పొద్దున్న పాటలు వస్తే టిఫిన్, మధ్యాహ్నం వార్తల చదువు వినిపిస్తే అన్నం, రాత్రి ఏడున్నర సీరియల్ అయితే బీపీ మాత్ర. ఒకరోజు నేను బజారు నుంచి వచ్చేసరికి అమ్మ చీకట్లో కూర్చుని ఉంది, లైటు కూడా వేసుకోలేదు. ఏటమ్మా ఇలా కూచున్నావు అంటే, నా సీరియల్ రాలేదమ్మా, ఇంకా ఏడున్నర అవనేదేమో అని చూస్తన్నాను అంది. అప్పటికి టైము తొమ్మిది. మాత్ర వేసుకోలేదు. ఆ ఛానల్ వాళ్ళు సీరియల్ని సాయంత్రం 6కి మార్చేశారు. వారం ముందు నుంచి టీవీలో కింద సన్నగా అక్షరాలు పరిగెత్తాయట, పక్కింటి అబ్బాయి చెప్పాడు. 86 ఏళ్ళ మనిషి, శుక్లాలు తీయించుకున్న కళ్ళు, పరిగెత్తే అక్షరాలు ఎలా పట్టుకుంటుందండి? పైగా 6 అంటే మా వీధిలో కుళాయి వచ్చే టైము, నేను బిందెలు పట్టుకుంటూ బయట ఉంటాను, దేవుడి దగ్గర దీపం పెట్టే వేళ, అమ్మకి కాళ్ళు కడిగి కుర్చీలో కూర్చోబెట్టే మనిషి కూడా ఉండదు. ఆ టైము ఎవరిని అడిగి పెట్టారు? అమ్మ ఆ సీరియల్ వదిలేసింది. వదిలేసింది అని తేలిగ్గా అంటున్నాను గానీ అందులో కోడలు పిల్లకి కాన్పయిందో లేదో అని ఇప్పటికీ నన్ను అడుగుతుంది.

కుళాయి టైము మారితే మా వీధిలోకి ముందురోజు ఆటో వస్తుంది, మైకులో చెప్తారు. కరెంటు తీస్తామంటే పేపర్లో మీరే వేస్తారు, ఏ వీధికి ఎప్పుడో కూడా రాసి. పాసింజర్ రైలు పావుగంట ముందుకి జరిగినా స్టేషన్లో బోర్డు మీద రాస్తారు, గొంతుతో కూడా చెప్తారు. పైడితల్లమ్మ సిరిమాను దసరా వెళ్ళాక వచ్చే మంగళవారమే తిరుగుతుంది, ఆ మంగళవారం ఏది అని ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు, పక్క జిల్లాల్నుంచి కూడా జనం ఆ రోజుకే బయల్దేరి వస్తారు, అది ఖాయం అని అందరికీ తెలుసు కాబట్టి. పండగతో సీరియల్ని పోలుస్తున్నానని కోప్పడకండి. మంచం దిగలేని మనిషికి రోజుకొక్క సిరిమాను అదే.

1987లో జనవరి 25న దూరదర్శన్లో రామాయణం మొదలైనప్పుడు మా వీధిలో టీవీ ఉన్నవి రెండిళ్ళే. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నర అయ్యేసరికి చాపలు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. హిందీ ఒక్క ముక్క రాని మా నాన్నమ్మ ముందు వరసలో కూర్చుని దణ్ణం పెట్టుకుని చూసేది. ఏడాదిన్నర పాటు వచ్చింది అది, వారం మారినా నెల మారినా ఆ తొమ్మిదిన్నర మారలేదు, అందుకే వంటలు కూడా దాన్ని బట్టే అయ్యేవి. 2020 లాక్‌డౌన్లో మార్చి 28 నుంచి మళ్ళీ వేశారు, పొద్దున్న 9కి ఒక భాగం, రాత్రి 9కి ఇంకో భాగం.  మా అమ్మ రెండుసార్లూ చూసింది. పబ్లిక్ టీవీ అంటే అలా ఉండాలని నా ఉద్దేశం, చూసేవాళ్ళ వీలు తెలిసినది.

ఆ పెద్దావిడతో ఇప్పటికీ మాట్లాడుతుంటాను, మా అమ్మాయి వీడియో కాల్ కలుపుతుంది. 2022 ఏప్రిల్లో డాట్ వేషం వేసిన జూన్ బ్రౌన్ చనిపోయారు, 95 ఏళ్ళు. ఆ రోజు ఆవిడే ఫోన్ చేశారు. నా డాట్ పోయిందని ఏడ్చారు, కానీ మా ఊళ్ళో అర్ధరాత్రి పన్నెండున్నరకి ఇంకా బతికే ఉందిట, నేనే చూడలేకపోతున్నాను అన్నారు. 2025 జులైలో అమెరికా ప్రభుత్వం పబ్లిక్ టీవీకి రేడియోకి కలిపి రెండేళ్ళకి ఇస్తానన్న 110 కోట్ల డాలర్లు రద్దు చేసింది, ఆ డబ్బు స్టేషన్లకి పంచే కార్పొరేషన్ మూసేస్తున్నామని ఆగస్టులో చెప్పేసింది. ఇప్పుడు అక్కడ చిన్న స్టేషన్లు దేన్ని తీసెయ్యాలి దేన్ని ఉంచాలి అని చూసుకుంటున్నాయి, బయటి నుంచి కొనే సీరియళ్ళ మీద చెయ్యి పడడం ఖాయం. మీరు వేసిన వార్త వెనక ఉన్నది ఇదే అయ్యుండొచ్చు. ఆ ముసలివాళ్ళు గోల చెయ్యలేదండి, తమ డబ్బుతో నడిచే స్టేషన్‌ని తమకి ఒక మాట చెప్పమన్నారు. 87 ఏళ్ళొచ్చినా పక్కింటావిడ ఇప్పటికీ ఏడాదికోసారి చందా పంపిస్తున్నారు, ఆ సీరియల్ చూడకపోయినా. ఎందుకండీ అంటే, వేరే ఎవరో ఒకరు మేలుకుని చూస్తుంటారు కదా అన్నారు.

ఇప్పుడు నేనడిగేది. ఇదివరకు మీ పేపర్లో రోజూ టీవీ ప్రోగ్రాముల టైములు వేసేవారు, నాకు బాగా గుర్తు, సినిమా హాళ్ళ పక్కన చిన్న డబ్బాలో. అది తీసేసి చాలా కాలమైంది, ఫోన్లో అన్నీ ఉంటాయి కదా అని కాబోలు. మా అమ్మకి ఫోన్ లేదు, ఉన్నా చూడలేదు, జిల్లాలో అలాంటి వాళ్ళు ఎంతమందున్నారో మీ పేపర్ వేసే కుర్రాణ్ణి అడగండి, వాడికి తెలుసు ఏ ఇంట్లో ముసలివాళ్ళు వాకిట్లో కూర్చుని పేపర్ కోసం చూస్తుంటారో. రోజూ కాకపోయినా ఆదివారం జిల్లా పేజీలోనైనా ఆ వారం ఏ ఛానల్లో ఏ సీరియల్ టైము మారిందో పెద్ద అక్షరాలతో వెయ్యండి. ఛానళ్ళ వాళ్ళకి కూడా ఒక మాట రాయండి, మార్చాలనుకుంటే పది రోజుల ముందు నుంచి ఆ సీరియల్ అవ్వగానే మనిషి గొంతుతో చెప్పమని, కింద పరిగెత్తే అక్షరాలు చాలవని, పాత టైములో నెల రోజులైనా రెండోసారి వెయ్యమని. మీ మాటైతే వింటారు.

మీరు వేస్తే ఆ ముక్క కత్తిరించి అమ్మ కుర్చీ పక్కన గోడకి అంటిస్తాను. చదివి వినిపించడానికి నేనున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు,
తోటపాలెం, విజయనగరం